మహాసభ బస్సుల మధ్య మా చెరువుల స్టాల్

బయల్దేరిన రోజు

కర్నూలు శివార్లలో ఒక పార్టీ మూడు రోజుల మహాసభ పెట్టింది. సీమ జిల్లాలన్నిటి నుంచీ కార్యకర్తలు వస్తారు. ఆ సభ బయట, చెరువులకు నీళ్ళు అడిగే మా స్టాల్ పెట్టడానికి కళ్యాణదుర్గం నుంచి నలుగురం బయల్దేరాం: నేను, కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మా పెద్దాయన, డిగ్రీ చదువుతున్న మా అక్క కూతురు, ట్రాక్టర్ తోలే మా ఊరి తమ్ముడు. ఏ పార్టీ సభ అన్నది రాయడం లేదు. రాయలసీమలో ఎవరు పెద్ద సభ పెట్టినా దాని బయట మా బల్ల ఉండాలన్నది మేము పెట్టుకున్న నియమం. ఒక పార్టీ పేరు రాస్తే మిగతా పార్టీల వాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేస్తారు. వాళ్ళ ఊళ్ళోనూ చెరువు ఎండే ఉంది.

అనంతపురంలో బస్సు మారి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. పామిడి వంతెన కింద పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. గుత్తి కోట దాటి డోన్ వైపు పోయే దారి పొడవునా చేలు దుక్కి దున్ని ముంగారు వాన కోసం వదిలేసి ఉన్నాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్తా నాలుగు గట్టి వానల్లో కురిసి, మిగతా కాలమంతా ఆకాశం తెల్లగా ఉంటుంది. ఆ నాలుగు వానలనూ పట్టి నిలపడానికే మన పెద్దలు ఊరూరా కట్టలు పోశారు.

కర్నూలు ఇంకా కొంత దూరముందనగా హంద్రీ–నీవా కాలువ హైవేను దాటుతుంది. పెద్దాయన ముందునుంచే కిటికీకి ఆనుకుని కూర్చుని, కాలువ రాగానే అమ్మాయి భుజం తట్టి చూపించాడు. శ్రీశైలం జలాశయం వెనక జలాల ఒడ్డున, నందికొట్కూరు దగ్గరి మల్యాలలో ఈ కాలువ మొదలవుతుంది. ఎత్తిపోత తర్వాత ఎత్తిపోత ఎక్కి నీళ్ళు మా జిల్లాలోని జీడిపల్లి జలాశయానికి చేరతాయి. 2012లో మొదటిసారి చేరాయి. అక్కడి నుంచి రెండో దశ కాలువ చిత్తూరు వైపు పోతుంది. కృష్ణా వరద నీరు 40 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), నాలుగు ఉమ్మడి జిల్లాల్లో ఆరు లక్షల ఎకరాలు, ఇదీ పథకం లెక్క. ప్రధాన కాలువ తవ్వారు, పంపులు బిగించారు. కాలువలోంచి చేనికి నీళ్ళు తీసుకుపోయే పిల్ల కాలువలు మాత్రం చాలా చోట్ల రాలేదు. కళ్ళ ముందే కాలువ పారుతుంటే గట్టు మీద నిలబడి చూసే రైతులున్న ఊళ్ళు మా వైపు ఎన్నో.

మా కళ్యాణదుర్గం సంగతి ఇంకొంచెం వేరు. జీడిపల్లి నుంచి భైరవానితిప్ప ప్రాజెక్టుకు కాలువ తవ్వి, దాంతో పాటు 114 చెరువులు నింపే పథకం 2018 నుంచి ఉంది. భూసేకరణ దగ్గర చిక్కుపడి ఏళ్ళు గడిచిపోయాయి. భైరవానితిప్ప డ్యాం 1961లో వేదవతి మీద కట్టినది. అది నిండగా చూసిన సంవత్సరాలను దాని కింది రైతులు పెళ్ళిళ్ళతో, పురుళ్ళతో కలిపి గుర్తుపెట్టుకుంటారు, అంత అరుదు. మేము అడిగేది సూటిగా ఒక్కటే: ఎకరాల లెక్క తర్వాత చూద్దాం, ముందు చెరువులు నింపండి.

కర్నూల్లో పాత బస్టాండు దగ్గర చిన్న లాడ్జిలో దిగాం. చల్లబడ్డాక కొండారెడ్డి బురుజు దాకా నడిచాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ఊరే రాజధాని. కట్టడాలు చాలక గుడారాల్లో కచేరీలు నడిపారు. ఆ రాజధాని వెనక 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం ఉంది. ఒప్పందమనగానే అందరూ రాజధాని, హైకోర్టు మాటే ఎత్తుతారు. కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్ళ వాడకంలో పదేళ్ళ పాటు రాయలసీమకూ నెల్లూరుకూ ముందు స్థానం ఇవ్వాలన్న మాట కూడా అందులోనే ఉంది. అది విని అమ్మాయి అడిగింది:

"ఆ పదేండ్లు ఎప్పుడు మొదలైనాయి చిన్నమ్మా?"

నేను నోరు తెరిచేలోగా పెద్దాయన అందుకున్నాడు. "ఇంకా మొదలు కాలేదు తల్లీ. అందుకే గదా మనం వచ్చింది."

మొదటి రోజు

తెల్లవారగానే ఆటోలో బల్ల, గుడ్డ మ్యాపు, రెండు పెద్ద కుండలు, కరపత్రాల కట్టలు వేసుకుని సభ జరిగే చోటికి పోయాం. స్టాల్ ఎక్కడ పెట్టాలన్నదే సగం పని. కొత్తవాళ్ళు ప్రధాన ద్వారం ముందు పెట్టాలనుకుంటారు. అక్కడ జనం బాగానే ఉంటారు, కానీ ఆగేవాళ్ళుండరు. పాసు చూపించాలి, తమ నాయకుడి వెంట లోపలికి పోవాలి, ముందు వరసలో కుర్చీ పట్టుకోవాలి. మేము ఎప్పుడూ బస్సులు నిలిపే చేని గట్టు వెతుక్కుంటాం. మండలాల నుంచి వచ్చిన బస్సులన్నీ అక్కడే ఉంటాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక జనం మెల్లగా అటే వస్తారు. డ్రైవరు కనపడడు, పక్క ఊరి వాళ్ళు ఇంకా లోపలే ఉంటారు, గంటా రెండు గంటలు నీడ వెతుక్కుని కూర్చోవాలి. నిదానంగా మాట్లాడే తీరిక మనిషికి అప్పుడు దొరుకుతుంది.

వేప చెట్టు ఒకటి దొరికింది. దాని కింద బల్ల వేసి, రెండు కొమ్మల మధ్య మ్యాపు కట్టాం. తెల్ల గుడ్డ మీద మా అమ్మాయీ, ఆమె స్నేహితురాళ్ళూ గీసిన మ్యాపు అది. కృష్ణా, తుంగభద్ర, హంద్రీ, పెన్న, చిత్రావతి, వేదవతి నీలంగా ఉంటాయి. కర్నూలు–కడప కాలువ, తెలుగుగంగ, హంద్రీ–నీవా, గాలేరు–నగరి, తుంగభద్ర ఎగువ కాలువ నల్ల గీతలు. చెరువులు మాత్రం మేము ముందే గీయం. వచ్చినవాళ్ళ చేత పెట్టిస్తాం.

కరపత్రం తెల్ల కాగితం మీద నల్ల సిరాతో అచ్చు వేయిస్తాం. మన రాష్ట్రంలో పసుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ, కాషాయం, ఏ రంగు కాగితం పట్టుకున్నా ఎవరో ఒకరి మనిషివైపోతావు. మా కాగితం చూసి ఎవరూ చేయి వెనక్కి తీసుకోకూడదు. కుండల్లో నీళ్ళు పోసి పక్కన గ్లాసులు పెట్టాం. ఏప్రిల్ నెల కర్నూలు ఎండలో ఆ కుండ చూసి ఆగని మనిషి లేడు. నీళ్ళు తాగేలోగా అడుగుతాం: "యా ఊరన్నా మీది? మీ చెరువు పేరేంది?"

ఈ ప్రశ్నే మా పని మొత్తం. ప్రాజెక్టు, టీఎంసీ, క్యూసెక్కు అని మొదలుపెడితే మనిషి తల ఊపి పోతాడు. అవి నాయకుల మాటలన్నట్టు అతనికి అనిపిస్తుంది. చెరువు పేరు అడిగితే అతను చెప్పేవాడవుతాడు, మనం వినేవాళ్ళమవుతాం. మా దగ్గర సంతకాల కాగితం లేదు, చెరువుల పుస్తకం ఉంది. నాలుగు గళ్ళు: ఊరు, చెరువు పేరు, చివరిసారి మరవ పారిన (అంటే చెరువు నిండి అలుగు పొంగిన) యేడు, చెప్పినవారి పేరు. మూడో గడి దగ్గర అందరూ కాసేపు నిలబడిపోతారు. పక్కవాణ్ణి పిలుస్తారు, వేళ్ళ మీద లెక్కపెడతారు, ఫోన్ తీసి ఇంటికి చేసి అమ్మను అడుగుతారు.

పొద్దు కొంచెం ఎక్కాక ఎస్సై వచ్చి అనుమతి కాగితం చూశాడు. జెండాలు, నినాదాలు లేకపోతే ఉండండి, బస్సుల దోవకు అడ్డం రావద్దు అన్నాడు. ఆ తర్వాత పార్టీ వలంటీర్లు నలుగురు కుర్రాళ్ళు కండువాలతో వచ్చి మ్యాపు విప్పమన్నారు. నాయకుడి బొమ్మ లేని బ్యానరు ఏదీ ఈ చుట్టుపక్కల ఉండకూడదట, పైనుంచి మాట. మా తమ్ముడికి కోపమొచ్చింది. పెద్దాయన అతన్ని పక్కకు జరిపి, ఆ కుర్రాళ్ళలో పొడుగ్గా ఉన్నవాణ్ణి అడిగాడు:

"నీదే ఊరు నాయనా?"

"పత్తికొండ కాడ."

"అయితే కాలువ మీ పక్కనే పోతుంది గదా. మీ చేనికొచ్చిందా?"

కుర్రాడు మ్యాపు దగ్గరికొచ్చి వేలితో కాలువ వెంబడి పోయి తన ఊరి దగ్గర ఆగాడు. "మాకు రాలేదు. చెరువుక్కూడా రాలేదు. దాని కిందంతా కంపచెట్లు మొలిచినాయి." మిగతా ముగ్గురూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టారు. మ్యాపు విప్పమన్న మాట మళ్ళీ రాలేదు. మధ్యాహ్నం అదే కుర్రాడు ఒక ట్రాలీ మజ్జిగ ప్యాకెట్లు తోసుకొచ్చి మా చెట్టు కింద పెట్టి పోయాడు.

సాయంత్రానికి మా నలుగురి గొంతులూ బొంగురుపోయాయి. పార్టీ సభల చుట్టూ తిరిగితే ఏమొస్తుందని మమ్మల్ని ఊళ్ళో అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకు నేను 1928 నంద్యాల సంగతి చెబుతాను. అంతవరకు మన ప్రాంతాన్ని దత్తమండలాలు అనేవారు. నిజాం ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేసిన జిల్లాలని అర్థం. ఆ యేడు నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు సూచించగా రాయలసీమ అన్న పేరు నిలబడింది. మనం ఇవాళ గొప్పగా చెప్పుకునే పేరు ఒక సభా మండపంలో, తీర్మానంగా వచ్చింది. సభను చిన్నచూపు చూడటం నాకు ఎప్పటికీ చేతకాదు.

రెండో రోజు

పొద్దున పాత బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని పోయేసరికే స్టాల్ దగ్గర ఇద్దరు ఎదురుచూస్తున్నారు. నిన్న తమ చెరువు రాయించి పోయినవాళ్ళు. రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే మరవ పారిన యేడు తప్పు చెప్పామని తెలిసిందట, దిద్దించుకోవడానికి వచ్చారు. పుస్తకాన్ని జనం అంత నిజంగా తీసుకుంటారని నమ్మనివాళ్ళు ఒక పూట వచ్చి మా పక్కన కూర్చోవాలి.

పదకొండు గంటలప్పుడు పెద్ద వాదన జరిగింది. ధర్మవరం వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన, హిందూపురం వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన. ఇద్దరి మెడలోనూ ఒకే కండువా. హంద్రీ–నీవా కాలువకు సిమెంటు లైనింగు వేయాలా వద్దా అన్నది మాట.

"లైనింగు వేయకుంటే నీళ్ళు యాడ నిలుస్తాయి? సగం దోవలోనే భూమి తాగేస్తాది. చివరాఖరున ఉండే మాకు బురదన్నా రాదు" అన్నాడు హిందూపురం ఆయన.

"నీకేం తెలుసు రెడ్డీ. ఆ కాలువ తడికే గదా మా బోర్లలో నీళ్ళుండేది. పిల్ల కాలువ ఇయ్యకపోయినా ఊటన్నా వస్తాంది. సిమెంటు పోస్తే ఆ ఊట కూడా పాయె. ఏడొందల అడుగులు దించినా మట్టే వస్తాది."

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఈ గొడవ మా జిల్లాలో ఏ కాలువ గట్టు మీదికి పోయినా వినపడుతుంది. అధికారులు క్యూసెక్కుల్లో, అంటే సెకనుకు పారే ఘనపుటడుగుల్లో, జవాబు చెబుతారు. లైనింగు వేస్తే ప్రవాహం పెరుగుతుంది, చివరి దాకా నీళ్ళు పోతాయి, అది కొట్టిపారేసే మాట కాదు. కాలువ పక్కనుండి కూడా నీటి హక్కు లేని రైతుకు ఊట తప్ప ఇంకేముంది? ఆ ఊట ఆపుతామంటే అతను కడుపు మండి అడ్డం పడుకుంటాడు, పడుకోవాలి కూడా. అందుకే మేము చెరువు మాట పట్టుకున్నాం. కాలువ పక్క ఊళ్ళ చెరువులన్నిటికీ తూములు పెట్టి ఏటా నింపితే, ఆ చెరువు కింది బోర్లన్నిటికీ ఊట వస్తుంది. కాలువ మట్టిదైనా సిమెంటుదైనా అప్పుడు ధర్మవరం రైతుకు భయం ఉండదు, హిందూపురం రైతుకు నీళ్ళు తగ్గవు. ముందు చెరువులకు తూములు, ఆ తర్వాత లైనింగు. ఈ వరస తప్పితే ఒక రైతు నీళ్ళు తీసి ఇంకో రైతుకు పోసినట్టవుతుంది. ఈ మాట నేను చెబుతుంటే ఇద్దరూ విన్నారు. ఒప్పుకున్నారని చెప్పను. హిందూపురం ఆయన "తూములు పెట్టేలోగా నేను ముసలోణ్ణైతా" అన్నాడు. అయినా తన ఊరి చెరువుతో పాటు తన అత్తగారి ఊరి చెరువు కూడా పుస్తకంలో రాయించాడు.

మధ్యాహ్నం ఆడవాళ్ళు వచ్చారు. ఆదోని, ఆలూరు వైపు బస్సుల్లో వచ్చినవాళ్ళు. సభల్లో ఆడవాళ్ళను వెనక వరసల్లో కూర్చోబెట్టి, అన్నం ప్యాకెట్టు ఇచ్చి, మళ్ళీ బస్సెక్కిస్తారు. వాళ్ళను ఏదైనా అడిగేవాళ్ళు తక్కువ. మా అమ్మాయి వాళ్ళ మధ్య నేల మీద కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. ఒక పెద్దామె చెరువు గురించి చెప్పడానికి ముందు కట్ట మీది దేవత గురించి చెప్పింది. బుక్కరాయసముద్రం కట్ట నిలవడానికి ముసలమ్మ ప్రాణమిచ్చిందని మా వైపు చెప్పుకునే కథ లాంటిదే వాళ్ళ ఊళ్ళోనూ ఉందట. చెరువు నిండినప్పుడే ఆ తల్లికి బోనం పెడతారట. "ఇప్పుడు చేసేది లేదమ్మా, కట్ట మీదికి పోయేవాళ్ళే లేరు" అంది. ఇంకొకామె చదువుకోలేదు. వేలిముద్ర వద్దు, పేరు నేర్పమని అడిగింది. తన పేరు కాదు, చెరువు పేరు. మా అమ్మాయి కాగితం మీద రాసి చూపిస్తే, దాన్ని చూస్తూ పుస్తకంలో పెద్ద అక్షరాలతో ఆమే రాసుకుంది.

ఇంకో మనిషి గురించి వివరంగా రాయాలి. అరవై దాటిన ఆయన, నందికొట్కూరు వైపు. చాలాసేపు మ్యాపు ముందు నిలబడి శ్రీశైలం జలాశయం గీసిన నీలం మీద వేలు పెట్టాడు.

"మునిగిపోయిన చెరువు రాస్తారా అమ్మా?"

1980ల మొదట్లో శ్రీశైలం నిండినప్పుడు కృష్ణ ఒడ్డునున్న ఎన్నో ఊళ్ళు మునిగాయి. ఆయన ఊరు అందులో ఒకటి. అప్పుడు ఆయన యువకుడు. మునకవాసుల కుటుంబాలకు ప్రభుత్వ ఉద్యోగం ఇవ్వాలని 1986లో వచ్చిన ఉత్తర్వును ఆ వైపు జనం 'తొంభై ఎనిమిది జీవో' అంటారు. దాని కోసం ధర్నాలు చేస్తూ ఎందరో వయసు దాటిపోయారు. ఆయన కొడుక్కూ రాలేదు. కాలువ మీద నీళ్ళకు కాపలా ఉండే లష్కరు పనైనా ఇప్పించమని ఇప్పటికీ తిరుగుతున్నాడు. ఆయన చెప్పిన ఊరి పేరు, చెరువు పేరు మా అమ్మాయి రాసింది. మూడో గడిలో ఏమి రాయాలని నా వైపు చూసింది. "జలాశయంలో ఉంది" అని రాయమన్నాను.

"మీ జీడిపల్లికొచ్చే నీళ్ళు మా ఇంటి మీదుగా వస్తాయి. మొదలు యాడుందో మీరు చూసినారా?" అని అడిగాడాయన. పెద్దాయన తప్ప మాలో ఎవరమూ చూడలేదు. సభ అయ్యాక తీసుకుపోతానన్నాడు.

పోరుమామిళ్ళ నుంచి వచ్చిన యువకుడితో కూడా మంచి మాట జరిగింది. వాళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళ పాటు పనిచేశారని, మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలని, ఆరు దోషాలు ఉండకూడదని రాతిలో చెక్కించారు. నీటి పని ఎట్లా చేయాలో, ఎందరు చేశారో, ఎంతకాలం పట్టిందో ఊరందరికీ కనపడేట్టు రాసిపెట్టిన పాలన ఒకప్పుడు ఇక్కడ ఉంది. మా జీడిపల్లి కాలువ పని ఏ కిలోమీటరు దగ్గర ఆగిందో ఒక బోర్డు పెట్టమని అడిగితే ఇవాళ నెలలు తిరగాలి. ఆ యువకుడు శాసనం ఫొటో తీసి పంపుతానన్నాడు. వస్తే తర్వాతి కరపత్రం మీద వేస్తాం.

మూడో రోజు

చివరి రోజు తీర్మానాలు. నిన్న మా దగ్గర కూర్చున్నవాళ్ళలో మండల స్థాయి నాయకుడు ఒకాయన మా కాగితం లోపలికి తీసుకుపోతానన్నాడు. ఒక్క పేజీ, రెండు కోరికలు. జీడిపల్లి–భైరవానితిప్ప కాలువ, 114 చెరువుల పని ముగించే తేదీ చెప్పాలి. హంద్రీ–నీవా వెంబడి లైనింగుకు ముందే చెరువుల తూములు కట్టాలి. అంతకు మించి రాయలేదు. పొడుగు వినతిపత్రం ఎవరూ చదవరు.

సభలోపలి మైకు మా చెట్టు దాకా వినపడుతుంది. వ్యవసాయ తీర్మానం చదువుతున్నప్పుడు గట్టు మీదున్నవాళ్ళందరూ మాటలు ఆపి విన్నారు. రాయలసీమలో పెండింగు ప్రాజెక్టులన్నీ త్వరగా పూర్తి చేస్తామన్న వాక్యం వచ్చింది. చెరువు అన్న మాట రాలేదు, తేదీ రాలేదు. ఆ వాక్యం నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను, అన్ని పార్టీల నోటా విన్నాను. 'త్వరగా' అన్నచోట ఒక నెల, ఒక సంవత్సరం పెట్టించడానికి ఇంకెన్ని గట్ల మీద కూర్చోవాలో అనిపించి నాకు నిజంగా దుఃఖమొచ్చింది.

కాసేపటికి ఆ మండల నాయకుడు చెమటలు కక్కుతూ వచ్చాడు. తీర్మానాల కమిటీలో ఒకరి చేతికి కాగితం ఇచ్చానని, ముసాయిదా ముందే ముద్రించేశారని, జిల్లా సమావేశంలో తానే లేచి అడుగుతానని చెప్పాడు. "అక్కా, మా మండలం పేజీలు ఫొటో తీసుకోవచ్చా?" అన్నాడు. పుస్తకం తిప్పి తన మండలం చెరువులన్నీ ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు. అది చూసి ఇంకొందరు వాళ్ళ మండలాలవి తీసుకున్నారు. బస్సు కదులుతుంటే కూడా ఒకతను కిటికీలోంచి ఫోన్ ఇచ్చి తీయించుకున్నాడు. జిల్లా సమావేశంలో ఈ మనిషి లేచి పద్దెనిమిది చెరువుల పేర్లు చదివితే, పైవాళ్ళు 'ప్రాజెక్టులన్నీ' అని చెప్పి తప్పించుకోవడం కష్టమవుతుంది. తీర్మానంలో చెరువు రాలేదన్న బాధ ఉంది. ఈ ఫొటోల మీద నమ్మకం కూడా ఉంది.

సాయంత్రం బల్ల మడిచి, చెట్టు చుట్టూ పడిన గ్లాసులు, అన్నం ప్యాకెట్ల కాగితాలు ఏరి సంచుల్లో నింపాం. మిగిలిన నీళ్ళు వేప మొదట్లో పోశాం. లాడ్జికి పోయేదారిలో కర్నూలు–కడప కాలువ మీద ఆగాం. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టి, నడపలేక 1882లో ప్రభుత్వానికి అమ్ముకున్న కాలువ. పడవలు కూడా నడవాలని తవ్వారు. ఊరి మురుగంతా మోసుకుంటూ పోతోందిప్పుడు. దాని కింద కర్నూలు నుంచి కడప దాకా పండే చేలను తలచుకుంటే ఆ మురుగు చూడలేకపోయాం, తొందరగా కదిలాం.

మరునాడు: మల్యాల

నందికొట్కూరు బస్టాండులో ఆ మునకవాసి పెద్దమనిషి ఇద్దరు కుర్రాళ్ళతో, రెండు మోటారు సైకిళ్ళతో ఎదురొచ్చాడు. ముందు పోతిరెడ్డిపాడు పోయాం. శ్రీశైలం నీళ్ళు తెలుగుగంగకూ, శ్రీశైలం కుడి కాలువకూ, గాలేరు–నగరికీ, కేసీ (కర్నూలు–కడప) కాలువ చివరి భూములకూ వెళ్ళే వాకిలి ఇది. మొదట 11,150 క్యూసెక్కులకు కట్టిన రెగ్యులేటరు, తర్వాత 44,000 క్యూసెక్కులకు పెంచారు. అంకె పెద్దదే. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్ళు దాని దగ్గర దగ్గర ఉంటేనే ఆ అంకెకు అర్థం. మట్టం దిగేకొద్దీ ధార సన్నబడుతుంది, గేట్ల అడుగు కన్నా కిందికి పోతే చుక్క రాదు. అందుకే శ్రీశైలంలో కనీసం 854 అడుగులు నిలపాలని సీమ ఉద్యమాలు ఏళ్ళుగా అడుగుతున్నాయి. ఏప్రిల్ చివర కదా, గేట్ల ముందు బురద ఎండి పగుళ్ళిచ్చింది. పగుళ్ళ మధ్య ఎవరో పుచ్చ తీగలు పెట్టుకున్నారు.

మల్యాల దగ్గర పంపులు ఆగి ఉన్నాయి. కాపలా మనిషి లోపలికి రానివ్వలేదు గానీ గేటు బయటి నుంచి చూడనిచ్చాడు. పైపులు ఒక్కొక్కటి మా ఇంటి గదంత ఎత్తున్నాయి. వెనక జలాలు దూరంగా, కొండల దిగువన, సన్నని నీలి గీతలా కనపడ్డాయి. మా తమ్ముడు అంతవరకూ మాట్లాడలేదు. "ఇంత కిందినుంచా మన దాకా ఎక్కించేది!" అన్నాడు. పెద్దాయన లైన్‌మన్ కదా, సబ్‌స్టేషను వైపు చూస్తూ నీళ్ళెత్తడానికి ఎంత కరెంటు కావాలో చెప్పుకుంటూ పోయాడు. ఇంత ఖర్చు పెట్టి ఎత్తిన నీళ్ళు మా జిల్లాలో చెరువుకు చేరకుండా కాలువలోనే సాగిపోతుంటే, అది డబ్బు లేక జరిగేది కాదని, వరస తెలియక జరిగేదని నాకు ఇంకా గట్టిగా అనిపించింది.

ఆ పెద్దమనిషి కొండల మధ్య ఒక చోటు చూపించి తన ఊరు అక్కడన్నాడు. వేసవిలో నీళ్ళు బాగా దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, ఏడు నదులు కలిసే చోటని జనం పడవల్లో పోయి పూజ చేస్తారు. తన ఊరి గోడల మొదళ్ళు కూడా ఒక్కో యేడు కనపడతాయట. అప్పుడు ఇంటిల్లిపాదీ పోయి కూర్చుని వస్తారట. మా అమ్మాయి ఉండబట్టలేక అడిగింది:

"మీ ఊరు ముంచిన నీళ్ళు మేము అడుగుతాంటే మీకు కోపం రాదా తాతా?"

"కోపం ఏంటికి వస్తాది తల్లీ. మునిగినందుకు యాడన్నా పండితే చాలు. పండకుండా పోతేనే బాధ. మా వాళ్ళ జీవో కూడా మీ కాగితంలో రాయండి. మీ చెరువుల కోసం నేనూ వస్తా."

రాశాం. మా ఒక్క పేజీ కాగితంలో ఇప్పుడు మూడో కోరిక ఉంది: శ్రీశైలం మునకవాసులకు 98 జీవో ఉద్యోగాలు, కొత్త కాలువల లష్కరు పనుల్లో వాళ్ళకు ముందు అవకాశం.

మధ్యాహ్నం నందికొట్కూరులో జొన్న రొట్టె, పప్పు తిని, కర్నూలు మీదుగా రాత్రికి అనంతపురం చేరాం. పుస్తకం ఇప్పుడు మా అమ్మాయి దగ్గర ఉంది. మండలాల వారీగా మళ్ళీ శుభ్రంగా రాస్తోంది. ఉమ్మడి అనంతపురంలో గుమ్మఘట్ట, బొమ్మనహాళ్, అమరాపురం, ఉమ్మడి కర్నూలులో కోసిగి, హాలహర్వి, ఉమ్మడి కడపలో చక్రాయపేట, లింగాల మండలాల పేజీలు దాదాపు ఖాళీగా ఉన్నాయి. ఇంకో పార్టీ సభ అనంతపురంలో జరగబోతోందని వింటున్నాం, తేదీ తెలియగానే అక్కడా బస్సులు నిలిపే చోటే ఉంటాం. ఆ మండలాల వాళ్ళు ఎవరు ఏ కండువాతో వచ్చినా సరే, వచ్చేముందు ఇంట్లో పెద్దవాళ్ళను మీ చెరువు చివరిగా ఏ యేడు మరవ పారిందో అడిగి రండి.